అడయార్ బురదలో నెమటోడ్లు ఎక్కువ, బీచ్ ఇసుకలో తక్కువ: ఎందుకు?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెబుతాను. చెన్నైలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని ప్రాజెక్టు కోసం బెసంట్ నగర్ బీచ్‌లోనూ అడయార్ నది మొగ దగ్గరా 60 మి.లీ. సిరంజి కొస కోసి, దాంతో 5 సెం.మీ. లోతు వరకు మట్టి తీశారు. దాన్ని అక్కడికక్కడే ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ రంగు కలిపి, 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) జల్లెడ మీద కడిగి లెక్కపెట్టారు. అడయార్ బురదలో నెమటోడ్లు (దారంలా సన్నగా ఉండే చిన్న పురుగులు) బీచ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చాయి. మురుగు కలిసేచోట జీవులు ఎక్కువుండి, శుభ్రంగా ఉన్నచోట తక్కువుండటం ఏమిటి, నా పద్ధతి తప్పా అని అడిగారు. నెమటోడ్లకూ కోపిపాడ్లకూ (రొయ్యల దూరపు బంధువులైన చిన్న జీవులు) నిష్పత్తి వేసి కాలుష్యం ఉందని రాసేయొచ్చా, 45 మైక్రాన్ల జల్లెడ కొనాలా అని కూడా అడిగారు. థీసిస్ పేరులో 'కాలుష్య ప్రభావం' అని ఉందనీ, ఈ తీరం మీద పాత సమాచారమేమీ లేదనీ రాశారు. వచ్చే నెలే సబ్మిషన్, టెన్షన్‌గా ఉందన్నారు.

మీరు లెక్కపెట్టింది సరిగానే ఉండి ఉంటుంది. కానీ ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే వీలు లేదు. బురదనూ ఇసుకనూ పోల్చినప్పుడు కనిపించే తేడాలో ఎక్కువ భాగం రేణువుల సైజు వల్ల, ఆక్సిజన్ అందే లోతు వల్ల వస్తుంది. మురుగు ప్రభావం ఎంతో ఆ లెక్క నుంచి తేలదు. అది తేలాలంటే జీవుల సంఖ్య పక్కన పెట్టి, అవి ఏ రకాలో, ఏ మట్టిలో, ఎంత లోతులో ఉన్నాయో చూడాలి.

ఈ రంగం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సముద్రం అడుగు మట్టిలో 1 మి.మీ. (కొందరి లెక్కలో అర మి.మీ.) జల్లెడ గుండా జారిపోయి, 63 లేదా 45 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచే చిన్న జీవులను మియోఫానా అంటారు. ఈ పేరును 1942లో మోలీ మేర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చారు. సాధారణంగా వీటిలో సగానికి పైగా నెమటోడ్లే ఉంటాయి. వాటి తర్వాత ఎక్కువగా కనిపించేవి హార్పాక్టికాయిడ్ కోపిపాడ్లు. ఇంకా టర్బెల్లేరియన్లు, గాస్ట్రోట్రిక్‌లు, ఆస్ట్రకాడ్లు, టార్డిగ్రేడ్లు, కైనోరింక్‌లు, చిన్న పాలీకీట్లు ఉంటాయి. ఒక చదరపు మీటరు మట్టిలో పది లక్షల ప్రాణులు ఉండటం మామూలే. అందుకే బురదలో పెద్ద అంకె వచ్చిందని కంగారు పడక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఇసుకలో రేణువుల మధ్య ఖాళీలుంటాయి. సగటు రేణువు 200 మైక్రాన్లు దాటితే ఆ ఖాళీల్లో దూరి తిరిగే జీవులకు అది మంచి ఇల్లు. వాటి ఒళ్లు సన్నగా, పొడవుగా ఉంటుంది. చాలావాటికి రేణువుకు అతుక్కోవడానికి జిగురు గ్రంథులు కూడా ఉంటాయి, లేకపోతే ఒక్క అలకే కొట్టుకుపోతాయి. రేణువు సుమారు 125 మైక్రాన్ల కంటే చిన్నదైతే ఖాళీలు మిగలవు. అప్పుడు మట్టిని తోసుకుంటూ పోగలిగినవే బతుకుతాయి, అంటే ఎక్కువగా నెమటోడ్లు, కైనోరింక్‌లు. మొగ దగ్గరి బురదలో గాస్ట్రోట్రిక్‌లు దొరకలేదని మీరు బాధపడి ఉంటే, ఎంత శుభ్రమైన బురదలోనైనా అవి పెద్దగా దొరకవు. ఆ లోటును మురుగు ఖాతాలో వేయకండి.

రెండోది లోతు. మీ లెక్కను అన్నిటికంటే ఎక్కువగా తారుమారు చేసింది ఇదే అనుకుంటున్నాను. అడయార్ బురదలో ఆక్సిజన్ పైన కొన్ని మిల్లీమీటర్ల వరకే దిగుతుంది. ఆ కింద నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. అందుకని అక్కడి జీవులన్నీ దాదాపుగా పై రెండు సెంటీమీటర్లలోనే కిక్కిరిసి ఉంటాయి. మీ 5 సెం.మీ. సిరంజి దాదాపు మొత్తం జనాభాను పట్టేసింది. బీచ్‌లో సంగతి వేరు. అలలు ఇసుకలోకి నీటిని పంపు చేస్తున్నట్టుగా తోస్తుంటాయి కాబట్టి ఆక్సిజన్ చాలా లోతుకు వెళ్తుంది. జీవులు కూడా ముప్పై సెంటీమీటర్లు, కొన్నిచోట్ల ఇంకా కిందికి పరుచుకుని ఉంటాయి. సముద్రం వెనక్కి తగ్గిన పాటు సమయంలో, అందులోనూ చెన్నై ఎండలో, పై ఇసుక ఆరి కాలిపోతుంటే అవి తడి ఉన్న లోతుకు దిగిపోతాయి. మీరు పై 5 సెం.మీ. తీసి తక్కువున్నాయనడం, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎవరూ కనిపించలేదని ఇల్లంతా ఖాళీ అన్నట్టు ఉంటుంది.

బీచ్‌కూ బురదకూ పోల్చదగిన అంకెలు కావాలంటే ఇలా చేయండి. బీచ్‌లో లోతుగా తీయడానికి సిరంజి సరిపోదు. లోపలి వ్యాసం కొలిచిన పీవీసీ గొట్టం తీసుకుని కనీసం 30 సెం.మీ. వరకు దించండి. తీసిన మట్టిని 5 సెం.మీ. ముక్కలుగా కోసి విడివిడి డబ్బాల్లో వేయండి. బురదలో మాత్రం పై రెండు సెంటీమీటర్లను ఒక్కో సెంటీమీటరుగా కోయాలి, ఎందుకంటే అక్కడ ఒక్క సెంటీమీటరుకే లోకం మారిపోతుంది. అంకెలన్నిటినీ 10 చదరపు సెంటీమీటర్లకు మార్చి చెప్పడం ఈ రంగంలో ఆనవాయితీ. సిరంజి లోపలి వ్యాసం 2.7 సెం.మీ. అనుకుంటే వైశాల్యం సుమారు 5.7 చదరపు సెం.మీ., కాబట్టి మీ లెక్కను 1.75తో గుణించాలి. సిరంజి మీద రాసిన మి.లీ. గుర్తును నమ్మకుండా వ్యాసాన్ని వెర్నియర్‌తో మీరే కొలవండి.

మూడో చిక్కు ఫార్మలిన్‌లో ఉంది. బీచ్ ఇసుకను నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే, జిగురు గ్రంథులున్న జీవులు బెదిరి రేణువును ఇంకా గట్టిగా పట్టుకుని అలాగే చచ్చిపోతాయి. తర్వాత మీరు ఎంత కడిగినా వదలవు. టర్బెల్లేరియన్లు, గాస్ట్రోట్రిక్‌లు ముడుచుకుని గుర్తుపట్టలేని ఉండలైపోతాయి. అంటే మీ బీచ్ సాంపిల్‌లో ఉన్నవాటిలో కొన్ని డబ్బా అడుగు ఇసుకలోనే ఉండిపోయాయి, కొన్ని కనిపించినా చెత్త అనుకుని వదిలేసి ఉంటారు. ఇసుకకు ముందు మత్తు ఇవ్వాలి. లీటరు నీటికి 73–75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపితే ఉప్పదనంలో సముద్రపు నీటికి దగ్గరగా ఉంటుంది. అందులో పది నిమిషాలు ఉంచి, డబ్బాను మెల్లగా తిప్పి, పైనీటిని జల్లెడ మీద వంచాలి. ఇలా చాలాసార్లు చేసి, ఆ తర్వాతే ఫార్మలిన్. బురదకు ఈ పద్ధతి చాలదు, ఎందుకంటే బురద కూడా నీటితోపాటు వచ్చేస్తుంది. దానికి సాంద్రత 1.18 దగ్గరున్న లూడాక్స్ (సన్నటి సిలికా కణాలున్న ద్రవం) ద్రావణంలో తేల్చడం మేలు. సముద్రపు నీటి ఉప్పు తగిలితే లూడాక్స్ గడ్డకట్టి జెల్లీ అయిపోతుంది, అందుకని మట్టిని ముందు మంచినీళ్లతో బాగా కడగాలి. చాలామంది మొదటి సీసా ఖాళీ అయ్యాకే ఈ సంగతి తెలుసుకుంటారు.

రోజ్ బెంగాల్ గురించి కూడా ఒక మాట. అది ప్రొటీన్‌కు అంటుకునే రంగు, కాబట్టి కొత్తగా చచ్చినదానికీ అంటుకుంటుంది. మొగ దగ్గరి కుళ్లు బురదలో గులాబీ రంగులో కనిపించినదల్లా బతికున్నదే అని లెక్క వేయకండి. లోపలి అవయవాలు స్పష్టంగా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు మురుగు సంగతికి వద్దాం. మీరు విస్తుపోయారు గానీ, మురుగు చేరేచోట నెమటోడ్లు పెరగడం అసహజమేమీ కాదు. మురుగుతోపాటు తిండి వస్తుంది, తిండితోపాటు బ్యాక్టీరియా వస్తుంది, దాన్ని తినే నెమటోడ్లకు పండగే. ఆక్సిజన్ తగ్గినా కొన్ని ప్రజాతులు చక్కగా తట్టుకుంటాయి. టెర్షెల్లింజియా, సబాటియేరియా లాంటివి నల్లబురదలో తరచూ కనిపించే పేర్లు. కోపిపాడ్లకు ఆ ఓపిక లేదు, ఆక్సిజన్ తగ్గగానే ముందు మాయమయ్యేవి అవే. మురుగు మరీ మితిమీరితే నెమటోడ్లు కూడా పడిపోతాయి. కాబట్టి సంఖ్య పెరగడం, తగ్గడం రెండూ మురుగుకు గుర్తులు కావచ్చు. అలాంటి కొలమానంతో ఏం నిరూపిస్తాం? కానీ జాబితాలో పది రకాల స్థానంలో రెండే రకాలు మిగిలి, ఆ రెండూ ఆక్సిజన్ లేమిని తట్టుకునేవే అయితే, అది చెప్పుకోదగ్గ విషయం.

సల్ఫైడ్ ఉన్నచోటంతా చావే అనుకోకండి. స్టిల్బోనెమటిడ్లు అనే నెమటోడ్లు ఒంటి నిండా గంధక బ్యాక్టీరియాను కోటులా కప్పుకుని, ఆక్సిజన్ పొరకూ సల్ఫైడ్ పొరకూ మధ్య తిరుగుతూ బతుకుతాయి. ఇవి ఎక్కువగా ఇసుకలో దొరుకుతాయి. మైక్రోస్కోపు కింద ఒళ్లంతా తెల్లగా, గరుకుగా కనిపిస్తే మురికి అనుకుని కడిగేయకండి.

ఇక నిష్పత్తి. నెమటోడ్ల సంఖ్యను కోపిపాడ్ల సంఖ్యతో భాగించి, అది పెరిగితే కాలుష్యం అనే ఆలోచనను రాఫేలీ, మేసన్ అనే శాస్త్రవేత్తలు 1981లో ప్రతిపాదించారు. సులువైనది కాబట్టి జనానికి తెగ నచ్చింది. వెంటనే విమర్శలూ వచ్చాయి, వాటిలో చాలావరకు న్యాయమైనవే. ఇసుక సందుల్లో కోపిపాడ్లు లోతువరకు బతుకుతాయి, బురదలో పైపొరలో మాత్రమే ఉంటాయి. అందుకని చుక్క మురుగు లేకపోయినా బురదలో ఈ నిష్పత్తి పెద్దదిగానే వస్తుంది. ఇసుకకూ బురదకూ వేర్వేరు హద్దులుండాలని, నెమటోడ్లన్నిటినీ కాక కోపిపాడ్లలాగే తినే గుంపును మాత్రమే లెక్కలోకి తీసుకోవాలని వార్విక్ అనే శాస్త్రవేత్త అప్పుడే చెప్పారు. మీ రెండు స్థలాలకు ఈ నిష్పత్తి వేస్తే అడయార్‌ది పెద్దదిగా వస్తుంది, వైవాలో ఎగ్జామినర్ రేణువుల సైజు అడుగుతారు, అక్కడితో చర్చ ముగిసిపోతుంది. నా సలహా అడిగితే నిష్పత్తిని థీసిస్‌లో పెట్టకండి. గైడ్ గారు పట్టుబడితే పట్టికలో ఒక గడిగా ఉంచండి, దాని మీద నిర్ధారణ కట్టకండి.

దానికి బదులు నెమటోడ్ల నోళ్లు చూడండి. వీజర్ అనే శాస్త్రవేత్త నోటి ఆకారాన్ని బట్టి 1953లో చేసిన విభజన ఇప్పటికీ పనికొస్తోంది. నోటి కుహరం దాదాపు లేనివి 1ఎ, ఇవి బ్యాక్టీరియా లాంటి సన్నటి తిండిని ఏరుకుని తింటాయి. పళ్లు లేకుండా నోరు కాస్త పెద్దగా ఉన్నవి 1బి, ఎదురైనదాన్ని మింగేస్తాయి. చిన్న పళ్లున్నవి 2ఎ, రేణువుల మీది డయాటమ్‌లను (ఒకే కణమున్న సన్నటి నాచు) గీకి తింటాయి. పెద్ద నోరు, బలమైన దవడలున్నవి 2బి, ఇవి వేటగాళ్లు, లేదా దొరికినదల్లా తినేవి. మంచి వెలుతురు పడే, డయాటమ్‌లు ఉండే ఇసుకలో 2ఎ ఎక్కువుండాలి. కుళ్లు చేరిన బురదలో 1ఎ, 1బి రాజ్యమేలుతాయి. ప్రజాతి పేరు తెలియకపోయినా నోరు చూసి గుంపు చెప్పొచ్చు, ఎమ్మెస్సీ స్థాయికి ఇది చాలా విలువైన సమాచారం. ఒక్కో సాంపిల్ నుంచి వంద నెమటోడ్లను ఏ ఎంపికా లేకుండా తీసి, ఆల్కహాల్ నుంచి మెల్లగా గ్లిజరిన్‌లోకి మార్చి, స్లైడ్లు చేయండి. తొందరపడి నేరుగా గ్లిజరిన్‌లో వేస్తే ముడతలు పడి తలా తోకా తెలియవు. నోటితోపాటు తోక ఆకారం, తల పక్కన ఉండే యాంఫిడ్ (వాసన పసిగట్టే అవయవం) గుండ్రమా, చుట్టలు తిరిగిందా, గీతలా అన్నది రాసుకోండి. ఈ మూడింటితో చాలావాటికి కనీసం కుటుంబం దొరుకుతుంది. పేర్లు సరిచూసుకోవడానికి నెమిస్ డేటాబేస్ ఉంది.

స్థలాల ఎంపిక గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మురుగు ప్రభావమే మీ ప్రశ్న అయితే బీచ్‌నూ మొగనూ పోల్చడం మానేసి, ఒకే రకం ఇసుకలో మొగకు దగ్గర, మధ్య, దూరం అని స్థలాలు తీసుకోండి. మొగ నుంచి దక్షిణంగా ఎలియట్స్ బీచ్ మీదుగా అలా కిందికి, ఉత్తరంగా పట్టినపాక్కం వైపు కూడా. ఇక్కడ మన తీరం గుణం ఒకటి గుర్తుంచుకోవాలి. వేసవిలో ఒడ్డు వెంబడి ప్రవాహం ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి పోతుంది. ఏడాది మొత్తం మీద ఇసుక నికరంగా కదిలేది ఉత్తరానికే. హార్బర్ గోడ దాన్ని అడ్డుకోవడం వల్లే దక్షిణాన మెరీనా అంత వెడల్పు తేలింది, ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. కాబట్టి అడయార్ నీళ్లు నవంబరు, డిసెంబరుల్లో బెసంట్ నగర్ వైపు మళ్లుతాయి, ఏప్రిల్‌లో శాంతోమ్ వైపు వెళ్తాయి. ఏ నెలలో తీశారో చెప్పకుండా బెసంట్ నగర్‌ను శుభ్రమైన స్థలం అని రాయడం కుదరదు. పైగా ఎండాకాలంలో మొగకు అడ్డంగా ఇసుక మేట వేసి నీరు లోపలే నిలిచిపోతుంది, వాన పడ్డాక ఒక్కసారిగా మంచినీరు ముంచెత్తుతుంది. మొగ తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది నోట్‌బుక్‌లో మొదటి గీత కావాలి.

బురదతో పోల్చడానికి బురదే కావాలనుకుంటే చెన్నైకి దక్షిణాన సముద్రపు కయ్య ఉన్న ముట్టుకాడు వైపు చూడండి. దానికీ దాని సొంత మురుగు, పడవల గొడవ ఉన్నాయి, స్వచ్ఛమైన కంట్రోల్ అని చెప్పలేం. కానీ రేణువు సైజు దగ్గరగా వచ్చిన స్థలాలు ఎంచుకుంటే, పోలికకు కనీసం అర్థం ఉంటుంది.

ఒక్కో చోట ఎన్ని తీయాలి? ఈ జీవులు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక పీత బొరియ పక్కన ఒక లెక్క వస్తే అరచేయి దూరంలో ఇంకో లెక్క వస్తుంది. ఒకే చోట పక్కపక్కన ఐదు సిరంజిలు దించితే ఆ చోటు గురించి బాగా తెలుస్తుంది, మురుగు గురించి కాదు. ఐదింటినీ ఐదు స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కించి పి-విలువ (గణాంక పరీక్ష ఫలితం) వేయడాన్ని 1984లో హర్ల్‌బర్ట్ సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి ఉతికేశారు. దగ్గర, మధ్య, దూరం ప్రతి మండలంలోనూ వేర్వేరు స్థలాలుండాలి, ప్రతి స్థలంలో రెండు మూడు కోర్లు (గొట్టంతో తీసిన మట్టి దిమ్మెలు) చాలు. అన్నీ ఒకే పోటు గీత దగ్గర తీయండి. చెన్నైలో ఆటుపోట్ల తేడా మీటరు చుట్టుపక్కలే అయినా, ఆ గీతకు పైనా కిందా ఉండే జీవులు వేరు.

ఉప్పదనం కొలిచేటప్పుడు అలల నీరు కాక ఇసుక లోపలి నీరు కావాలి. చిన్న గుంట తవ్వి, ఊరిన నీటిని తీసి రిఫ్రాక్టోమీటర్‌లో చూడండి. రేణువుల సైజు తప్పనిసరి. ఆరబెట్టే ముందు ఉప్పు పోయేలా కడగకపోతే రేణువులు అంటుకుని సైజు ఎక్కువ చూపిస్తుంది. సేంద్రియ పదార్థానికి కొలిమిలో కాల్చి బరువు తగ్గుదల చూస్తే చాలు, గవ్వముక్కలు ఎక్కువున్నచోట ఉష్ణోగ్రత 550 డిగ్రీలు దాటనీయకండి.

పాత సమాచారం లేదని మీరు రాశారు, ఉంది. పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావు వాల్తేరు తీరపు ఇసుకలోని జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1962లో ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ తూర్పు తీరంలో మొదట చదవాల్సినది. మేం అక్కడ చదువుకునే రోజుల్లో దాన్ని చదవకుండా బీచ్‌కు వెళ్తే సీనియర్లు ఊరుకునేవారు కాదు. మద్రాసు కోపిపాడ్ల మీద 1950లలో ఎస్. కృష్ణస్వామి చేసిన పని ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ మెరీనా మియోఫానాను ఏం చేసిందో చెన్నై న్యూ కాలేజీ వాళ్లు 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. మీ థీసిస్ చర్చలో ఈ మూడూ రావాలి.

నెల రోజుల్లో ఇదంతా అవుతుందా అంటే, అవదు. అయ్యేది చెబుతాను. ఉన్న అడయార్ సాంపిళ్లను అలాగే ఉంచండి. బీచ్‌లో లోతు కోర్లు, మత్తుమందు పద్ధతితో, మొగకు దగ్గరా దూరంగా మళ్లీ తీయండి. రెండుచోట్లా రేణువు సైజు, నోళ్ల లెక్క పెట్టండి. థీసిస్ పేరులో నుంచి 'కాలుష్య ప్రభావం' తీసేసి, రెండు ఆవాసాల్లో మియోఫానా పోలిక అని మార్చమని గైడ్ గారిని అడగండి. పేరు చిన్నదైతే వైవాలో సమాధానం చెప్పుకోవడం తేలిక. మొగ బురదలోకి దిగేటప్పుడు గమ్ బూట్లు, గ్లవ్స్ లేకుండా దిగొద్దు, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోండి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు బెసంట్ నగర్ ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో పగలే వెళ్లండి, గొట్టం దించేముందు అటవీశాఖ వాళ్లు గుర్తు పెట్టిన గూళ్లేమైనా ఉన్నాయేమో చూసుకోండి.

45 మైక్రాన్ల జల్లెడ కొనొద్దు. 63 గుండా పిల్ల నెమటోడ్లు కొన్ని జారిపోతాయి, నిజమే. కానీ వాటిని ఎలాగూ మీరు గుర్తించలేరు, పాత వ్యాసాల్లో చాలావాటితో పోల్చుకోవడానికి 63 పనికొస్తుంది. ఒకటే షరతు: మొదటి సాంపిల్ నుంచి చివరి సాంపిల్ దాకా అదే జల్లెడ వాడాలి, దాని సైజును పద్ధతుల అధ్యాయంలో స్పష్టంగా రాయాలి. ఆ డబ్బులతో మెగ్నీషియం క్లోరైడ్ కొనండి.